సీసా బిరడాల క్లచ్చు

పాండిచ్చేరి ముత్తియాల్‌పేటలో మరగతమక్క టీకొట్టు బెంచీ మీద కామరాజు మామ కూర్చున్నాడంటే టీ చల్లారుతుంది గాని మాట చల్లారదు. ఆ రోజు ఆయనకు దొరికినవాడు నాగసాయి. యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అతని బైకు క్లచ్చు జారుతోంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. తెల్లారితే కూతురు కీర్తిని విళుపురంలో పరీక్షకి దింపాలి. సామాను మధ్యాహ్నంలోగా తెచ్చిస్తే సాయంత్రానికి బిగిస్తానన్నాడు మెకానిక్కు. ఎదురుగానే కళైసెల్వి స్పేర్‌పార్ట్స్ షాపు. భోజనాల వేళకి మూసేస్తుంది.

"ప్లేట్లు ఒక్కటే మారిస్తే చాలాండి, స్ప్రింగులతో సహా సెట్టంతా కొనాలాండి?" అని అడిగాడు పాపం. అడగకూడని మనిషినే అడిగాడు.

"సెట్టా? ఏంది తంబీ, నీకి దుడ్డు ఎక్కువైపోయిందా? కూచో. మరగతం, తంబికి ఒక టీ ఇయ్యి. నేను బుల్లెట్టుకి క్లచ్చు ప్లేట్లు నా చేత్తో మార్చినోణ్ణి. పెద్ద విషయం గాదులే, అందరూ చేసేదే. మునియన్ పెళ్ళి రోజు. వైతికుప్పంలో పడవ ఉండాదే, ఆ మునియన్. పెళ్ళికొడుకుని నా బుల్లెట్టు మీదనే తీసుకోని రావాలని వాళ్ళమ్మ ఒకటే పట్టు. సరేని బయల్దేరితిమి. ఒర్లియంపేట దాటలా, క్లచ్చు పోయె. ఆక్సిలేటరు తిప్పితే ఊరంతా వినబడతాది, బండి మాత్రం ఆడనే నిలబడుండాది. ఆ పొద్దు బందు, ఒక్క షాపు లేదు. ముహూర్తం చూస్తే నెత్తిమీద. ఇంకొకడైతే ఏడ్చుండును. నేనేం జేసినానో తెలుసునా?"

"ఆటో పిలిచుంటారండి."

"బందు అంటినే, వినలా? పక్క సందులో ఒక బారు. దాని వాకిట్లో గంపెడు వైను సీసాల బెండు బిరడాలు పడుండాయి. నేను చూసినాను, అవి నన్ను చూసినాయి. పాతకాలంలో క్లచ్చు ప్లేట్లకి బెండు ముక్కలే కదా వేస్తా ఉన్నింది?"

"అది నిజమే," అన్నాడు బెంచీ ఆ చివర తిరుమలై. మామకి పక్కింటివాడు, మిల్లులో రిటైరయ్యాడు. అంతవరకూ బన్ను టీలో ముంచుకు తింటున్నాడు.

"చూశావా, తిరుమలైకి గూడా తెలుసు. అయితే ఏ బిరడా పడితే ఆ బిరడా పనికిరాదు తంబీ, ఏరుకునేదాంట్లోనే ఉండాది. ఎర్ర వైనుది వేడి, ప్లేటు కాలిపోతాది. తెల్ల వైనుది చలవ. పులిసిపోయిన సీసాదైతే గేరు పడేటప్పుడల్లా మూలుగుతాది. ఒక్కొక్కటి వాసన జూసి ఏరినాను. ఎదురింటి అమ్మణి కాడ కత్తిపీట అడిగి వంకాయ ముక్కల మాదిరి తరిగినాను, బజ్జీల నూనెలో ఒక ముంచు ముంచి బిగించేసినాను."

"పట్టిందాండి?"

"పట్టిందా ఏంది! మొదటి గేరు వేసి వదిల్తినో లేదో, ముందు చక్రం లేచిపోయె. మునియన్ తలపాగా యాడ ఎగిరిపోయిందో ఈ పొద్దుటిదాకా దొరకలా. బీచి రోడ్డులో పోలీసాయన చెయ్యెత్తినాడు. మేం పోయిన గాలికి ఆయన ఎర్రటోపీ వెనకది ముందుకి తిరిగిపోయె. వైతికుప్పం వచ్చేసింది, పందిట్లో నాదస్వరం వినబడతా ఉండాది, క్లచ్చు పిండితే విడవదే! పట్టంటే అట్లాంటి పట్టు. ఇసకలోకి పోయినాము. ఇసక దాటి నీళ్ళలోకి పోయినాము. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"మునిగిపోయుంటారు," అంది మరగతమక్క గ్లాసులు కడుగుతూ.

"యాడ మునుగుతాది? లోపల ఉండేది బెండు కదా! తేలింది. నాలుగో గేరులో పడవల్ని దాటుకోని పోయినాము. మునియన్‌కి చెయ్యి ఊరుకోదు గదా, వెనక కూచోనే పట్టుకండువా నీళ్ళలో వదిలినాడు. కండువా నిండా వంజరం చేపలే. మర్నాటి విందుకి అవే. అట్ల పోతా ఉంటే గట్టు కనబడె. చూస్తే మీ యానాం!"

"మా యానామా అండి?"

"మీ యానామే. గోదారి నోట్లో దూరి లోపలికంటా పోయినాము. అది గూడా మన పాండిచ్చేరే గాబట్టి బండికి పర్మిట్టు అడగలా. మీవాళ్ళు మంచోళ్ళు, టీ ఇచ్చినారు. చక్కెర ఎక్కువ. మళ్ళా తిప్పుకోని వచ్చేస్తే ముహూర్తానికి ఇంకా టైముండాది, మునియన్ నిదానంగా గడ్డం గీసుకున్నాడు. అందుకే చెప్తా ఉండాను. నీకి సెట్టూ వద్దు, స్ప్రింగూ వద్దు. బండి మా ఇంటికాడ పెట్టిపో. సాయంత్రానికి బిరడాలు కొట్టిపెడతాను. నీ పాప విళుపురం ఏంది, మద్రాసుదాకా పోయి రావచ్చు."

నాగసాయి చదువుకున్నవాడే. కానీ తెల్లారి పరీక్ష అన్న భయం మనిషి చేత ఏదైనా నమ్మిస్తుంది. ఎదురుగా కళైసెల్వి షట్టరు సగం దించింది. ఇతను చూస్తే జేబులోంచి బండి తాళం తీసి మామ వైపు చాస్తున్నాడు. బెంచీ మీద మేమందరం ముందుకు జరిగాం. ఆడపిల్ల చదువు బిరడాల పాలవుతోంది!

తిరుమలై గ్లాసు కింద పెట్టాడు.

"కామరాజూ, పెళ్ళి నిజమే. బిరడాలూ నిజమే. బండి నాది."

మామ గ్లాసు ఎత్తి ఖాళీ గ్లాసునే తాగాడు.

"ఆ బిరడాలు యాడా ఊరకే పడిలేవు. ముందునాడు కూచోని నువ్వు ఖాళీ చేసిన సీసాలవి. తెల్లారి వాటిని తరిగి బిగించిన మాటా నిజమే. బిగించినంక ట్యాంకు మీద బోర్లా పడి నిద్రపోతివి, దింపితే దిగవు. నేను ఒక పక్క, పట్టుపంచె ఎగ్గట్టుకోని మునియన్ ఒక పక్క. ఒర్లియంపేట నుంచి వైతికుప్పందాకా నిన్నూ బండినీ తోసుకోని పోయినాము."

నాగసాయి తాళం జేబులో పడేసుకున్నాడు. "అమ్మా, ఆగండాగండి! స్ప్రింగులతో సహా సెట్టంతా ఇచ్చేయండి!" అని అరుస్తూ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు. షట్టరు మళ్ళీ పైకి లేచింది.

కామరాజు మామ తిరుమలై వైపు తిరిగాడు.

"సరేరా, అదంతా ఉండనీ. న్యాయంగా ఒక్క మాట చెప్పు," అన్నాడు. "అంత దూరంలో నా క్లచ్చు ఒక్కసారన్నా జారిందా?"

తిరుమలై మిగిలిన బన్ను ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలి మింగాడు.

"జారలా," అన్నాడు. "ఇంజను స్టార్టు అయితే కదా, జారేదానికి."