గవరయ్య నడుం మిషనుకి పెట్టిన బొట్టు

గవరయ్యని ఒకడున్నాడు, బియ్యం మిల్లులో జట్టు కూలీ. ముప్పయ్యేళ్ళు బస్తాలు మోసీ మోసీ నడుం పట్టేసింది. వంగాడా, మళ్ళీ లేవడానికి పక్కోడి భుజం కావాల, అట్టా అనుకోండి. మిల్లు షావుకారు వీర్రాఘవులు అది చూసి, జట్టులోంచి గవరయ్యని తీసేసి సత్తువున్నోణ్ణి పెట్టుకోండ్రా అన్నాడంట. ఆ నడుం ఎవరి బస్తాల కింద పోయింది? ఆయన బస్తాల కిందే కదా! నేనూ మోసినోణ్ణే, ఈ మాట దగ్గరికొస్తే నాకు గొంతు లేస్తది. సరే, నా కోపం పక్కన పెడతా, ఇనండి. గవరయ్యకి ఆ పని తప్ప ఇంకోటి రాదు. పెళ్ళాం మంగాయమ్మ అందంట, "ఇంట్లో కూకుంటే నీకు పిచ్చెక్కుద్ది, నిన్ను చూసి నాకెక్కుద్ది. జట్టులో నీ చోటు మాత్రం వదలమాక" అని.

అప్పుడేమైందంటే, పట్నం నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది, నడుం మిషను పట్టుకొని. వీపుకి సంచీలాగా తగిలించుకోవాల, తొడలకీ నడుముకీ పట్టీలు కట్టుకోవాల. నడుం దగ్గర చిన్న గాజుకన్ను. మనమెంత వంగామో అది చూస్తదంట, చూసి ఎనక నుంచి పైకి లేపుద్దంట. ఒక్కటే మిషను, వాడి చూడండని ఇచ్చి ఎళ్ళింది. షావుకారేమో, "గట్టోడికి కట్టండ్రా, ఒకటికి రెండు మోస్తాడు" అన్నాడు. జట్టు మేస్త్రీ నూకరాజు ఊరుకోలా. "మా జట్టు రివాజు అది కాదండీ. కొత్త తలగుడ్డొచ్చినా మెడనొప్పి ఉన్నోడికే ముందు. ఇదీ అంతే" అన్నాడు. అని గవరయ్యకే కట్టాడు. నాలుగు రోజులు బాగానే లేపింది. షావుకారికి మాత్రం గుర్రుగానే ఉంది. "దసరానాడు పూజయ్యాక నా ముందర పది బస్తాలు లారీకెక్కించమను. ఎక్కిస్తే చోటు వాడిదే. లేకపోతే మిషను గట్టోడికి, వాడు ఇంటికి" అన్నాడంట, అందరూ ఇంటుండగా.

దసరా వచ్చింది. పనిముట్లకి పూజ కదా! కాటాకి పసుపు, కొక్కేలకి పసుపు, లారీకి నిమ్మకాయలు. మరి మిషను చేసిన పాపమేంటి? మంగాయమ్మే కడిగి, తుడిచి, పసుపు రాసింది. గాజుకన్ను కనపడింది. "అయ్యో తల్లీ, ఒంటికన్నుదానివా, దిష్టి తగులుద్ది" అని దాని మీద రూపాయి కాసంత బొట్టు పెట్టింది. తడి కుంకం, ఎండి అట్టకట్టింది. ఇంకేముంది, కన్ను మూసుకుపోయింది. పూజయ్యాక అది తెలీకుండానే గవరయ్య మిషను కట్టుకున్నాడు. మనిషి వంగే ఉన్నాడనుకొని మిషను ఒకటే లేపుడు. గవరయ్య గుంజలాగా నిలబడిపోయాడు!

అప్పుడే షావుకారొచ్చాడు. అందరూ వంగి దండం పెట్టారు, గవరయ్య తప్ప. "ఏరా, నాకు వంగవా?" "వంగుదామనే ఉంది బాబూ, ఇది వంగనివ్వట్లేదు." "మరి బస్తా ఎట్టా ఎత్తుతావురా?" మంగాయమ్మ మొహం చూడాల, కుంకం కన్నా ఎర్రగా ఉంది. నూకరాజు ముందుకొచ్చాడు. "ఒరే గవరా, నువ్వు వంగమాక, ఊరికే నిలబడు" అన్నాడు. తనూ ఇంకొకడూ చెరో మూలా పట్టి, హుప్పని బస్తా నెత్తికెత్తారు. నడుం నిటారుగా ఉంది కదా, గవరయ్య లారీకి ఆనించిన బల్లెక్కి టకటకా లోపలికి నడిచాడు. ఒకటి, రెండు, మూడు... పదీ ఎక్కించాడు!

"చెల్లదు చెల్లదు, మీరిద్దరూ ఎత్తారు" అన్నాడు షావుకారు. నూకరాజు చెయ్యి దులుపుకొని, "ముప్పయ్యేళ్ళ నుంచీ ఇట్టాగే ఎత్తుతున్నామండీ. మీరే ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడంట. మిషను ఎట్టా ఉందో చూద్దామని అప్పటికి బస్సు దిగి ఇంజినీరమ్మ వచ్చింది. బొట్టు చూసి నవ్వు ఆపుకోలేక, కొంగుతో తుడిచింది. గవరయ్య వంగాడు, పదకొండో బస్తా తనే పట్టాడు, లేచాడు. "ఎవరో ఎనక నుంచి పట్టుకున్నట్టుందమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. షావుకారు చేతిలో పెట్టిన కొబ్బరిముక్క నములుకుంటా పోయాడు.

ఇదీ సంగతి. మిషను మంచిదే, నేను కాదన్ను, నా రోజుల్లో ఉంటే నేనూ కట్టుకునేవాణ్ణి. అది ఎవరి నడుముకి కట్టాలో మాత్రం మోసేవాడు చెప్పాల. ఇప్పుడది మిల్లులో కొయ్యకి ఏలాడుతుంటది, ఆ పొద్దు ఎవడికి నొప్పుంటే వాడు కట్టుకుంటాడు. దసరాకి బొట్టు పట్టీకే పెడతన్నారు. గవరయ్య చోటు గవరయ్యదే. ఒక్కటే మారిందంట. షావుకారు ఎదురైతే గవరయ్య వంగట్లేదు. మిషను కట్టుకోని రోజు కూడా!