బల్ల మీద ఆఫీసరు

బడిలో పై అంతస్తు, మెట్లన్నీ ఎక్కాక వచ్చే చివరి గది. డ్రాయింగ్ క్లాసు. మధ్యలో ఒక బల్ల, దాని మీద ఒక కూజా, రెండు వంకాయలు, ఒక ఉల్లిపాయ, ఒక ఆఫీసరు. చుట్టూ చాపల మీద పిల్లలు. అందరి తరఫునా మాట్లాడేది క్లాసు లీడరమ్మాయి.

"కదలొద్దు సార్."

"కదల్లేదమ్మా, తుమ్మాను."

"తుమ్మితే కదిలినట్టే సార్. వంకాయలు చూడండి, ఎంత బుద్ధిగా ఉన్నాయో."

"వంకాయలకేం, వాటికి ముక్కులా మొహాలా! ఇదిగో పాపా, నేను పెద్దాఫీసు నుంచి వచ్చాను. నా చేతిలోని ఈ తాళం ఈ గదికి వేసి పోదామని వచ్చాను. అన్నేసి మెట్లెక్కి ఆయాసమొచ్చి, కుర్చీ ఒక్కటీ కనబడక ఈ బల్ల మీద కూలబడ్డాను. అంతే. ఇప్పుడు దిగుతాను."

"అయ్యయ్యో, దిగకండి సార్! అందరూ మీ మోకాలు మొదలెట్టేశారు."

"నా మోకాలెందుకే?"

"కూజా వెనక అదే కదా కనబడుతోంది."

"మీ మాస్టారెక్కడ? మాస్టారూ! ఏమండీ డ్రాయింగు మాస్టారూ!"

"వస్తున్నా, వస్తున్నా! బల్ల మీదకి గుడ్డ వెతుకుతున్నానర్రా, కాస్త... ఓరి నాయనో! సార్! మీరు అక్కడేం చేస్తున్నారు సార్?"

"అది మీరు చెప్పాలి నాకు! దిగనివ్వడం లేదండీ వీళ్ళు."

"మీరెక్కినప్పుడు గంట కొట్టారా సార్?"

"కూర్చున్నానో లేదో, కొట్టారు."

"అయ్యో. అదే వచ్చింది చిక్కు."

"ఏం చిక్కు?"

"గంట కొట్టేసరికి బల్ల మీద ఏముంటే అదే ఆ రోజు బొమ్మ సార్. అందరూ గీయడం అయ్యేదాకా బల్ల మీదిదేదీ కదపకూడదు. మా మాస్టారి రూలు."

"నువ్వాగమ్మా, లీడరమ్మా. నిజమేనండీ, నేనే పెట్టాను. మొదట్లో జామకాయ పెట్టేవాణ్ణి సార్. వెనక్కి తిరిగేసరికి సగం తినేసేవాళ్ళు. సగం క్లాసు కాయ గీసేది, మిగతా సగం గింజలు గీసేది. పడలేక పెట్టాను రూలు."

"నన్నెవరు తింటారండీ!"

"అది కాదు సార్. ఇది స్టిల్ లైఫ్. కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని, చూసి చూసి గీయడం."

"నేను వస్తువునా?"

"ఇప్పటికి అంతే సార్."

"లీడరమ్మా! నోర్ముయ్యి! సార్, పిల్లలు సార్. ఇదే ఆఖరి క్లాసని నిన్న చెప్పాను, అప్పట్నుంచీ ఇలాగే ఉన్నారు. మీరు దిగండి సార్, ఏం ఫరవాలేదు."

"దిగితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు సార్. ఇన్నాళ్ళూ నేను చెప్పిన ఒక్క మాట అబద్ధమైపోతుంది. అంతే. దిగండి."

"...అలా అంటే ఎలా దిగుతానండీ మనిషన్నవాణ్ణి! సరే, కానివ్వండి. కాసేపే. అమ్మాయ్, చెవి దురద పెడుతోంది."

"ఏ చెవి సార్?"

"కుడిది."

"కుడిది అయిపోయింది, గోక్కోండి. ఎడమది మాత్రం ముట్టుకోకండి."

"హమ్మయ్య. మొహం కూడా గీస్తున్నారా?"

"ఆ. కళ్ళజోడు కొత్తది కదా సార్?"

"నీకెలా తెలుసు?"

"పాత కళ్ళజోడు మచ్చ ముక్కు మీద ఇంకా ఉంది. కొత్తది దానికి కొంచెం కిందకి కూర్చుంది. మొదట మేం తప్పు గీశామనుకున్నాం."

"జోడు మార్చి నెలలవుతోందమ్మా. ఇంట్లో మా ఆవిడ చూళ్ళేదు, పిల్లలు చూళ్ళేదు. ఆఫీసులో ఒక్క వెధవ చూళ్ళేదు."

"మీరు వాళ్ళ ఎదురుగా ఇంత కుదురుగా కూర్చున్నారా సార్?"

"ఎక్కడమ్మా, అంతసేపు కూర్చుంటేగా."

"ఏడుస్తున్నారా సార్? చెంప మీద మెరుపొచ్చింది."

"లేదు లేదు. ఉల్లిపాయ."

"ఉల్లిపాయ కొయ్యలేదు సార్."

"లీడరమ్మా, ఆయన్ని వదిలెయ్యి తల్లీ. సార్, ఏమీ అనుకోకండి. ముందు వీళ్ళు ఇలా ఉండేవాళ్ళు కాదు. వంకాయంటే ఊదారంగు డబ్బా తీసి పూసేయడమే. ఇప్పుడు వాటి తొడిమ ముళ్ళు కూడా వదలరు. నా బతుక్కి ఇదొక్కటే చేతనైందనుకోండి."

"ఈ గదిలో ఇక ఏం పెడతారు సార్?"

"విరిగిన బెంచీలమ్మా."

"అవి కూడా కదలవుగా. వాటినీ గీస్తాం."

"తాళం వేశాక ఎలా గీస్తావమ్మా? అందరూ అలా చూడకండర్రా నన్ను!"

"చూడకుండా ఎలా గీస్తాం సార్?"

"సరే, సరే. ఈ తాళం పట్టుకుని చెయ్యి లాగేస్తోంది. ఒకసారి నొక్కేసి పక్కన పెట్టనా?"

"వద్దు సార్! తెరిచున్న తాళం గీశాం అందరం. ఇప్పుడు నొక్కేస్తే మా బొమ్మలన్నీ తప్పయిపోతాయి."

"తలుపుకి వేయాలంటే నొక్కాలిగా?"

"బొమ్మలు అయ్యాక నొక్కుకోండి."

"ఎప్పటికవుతాయి?"

"ఇంకా పెన్సిల్లోనే ఉన్నాం సార్. తర్వాత రంగులు. ఎండ ఇలాగే కిటికీలోంచి మీ బట్టతల మీద పడ్డప్పుడే వేయాలి."

"మబ్బు పడితే?"

"ఆగుతాం."

"అది కూడా నేను చెప్పిందే సార్. బుద్ధి తక్కువై చెప్పాను."

"మీరు ఇంకేం చెప్పారో అన్నీ ఒకేసారి చెప్పేయండి మాస్టారూ! ...ఫోను. జేబులో ఫోను మోగుతోంది. మా పెద్దాయనే అయ్యుంటాడు."

"మీరు కదలకండి, నేను తీసి చెవి దగ్గర పెడతాను. మాట్లాడండి సార్."

"హలో... అయ్యా, నేనేనండి... లేదండి, ఇంకా వేయలేదండి... చేతిలోనే ఉందండి, నొక్కకూడదటండి... ఎవరన్నారా? పిల్లలండి... దిగి రావడానికి వీల్లేదండి, బల్ల మీదున్నాను... వంకాయలతో అండి... రామ రామ, నాకు తాగే అలవాటు లేదండి... అయ్యా, ఒక్క మాట వినండి. వీళ్ళు బాగా చూస్తారండి. నిజంగా చూస్తారు. ఈ గదికి తాళం వేయడానికి నాకు మనసొప్పడం లేదండి... హలో? హలో?"

"ఏమన్నారు సార్?"

"ఇంకో తాళం పట్టుకుని ఆయనే బయల్దేరాడు మాస్టారూ. మహా మొండి మనిషి. ఇక నా చేతిలో ఏం లేదు."

"అయితే అయిపోయింది సార్. పోన్లెండి, మా తరఫున మీరు ఒక మాట అన్నారు, అదే చాలు. చూశారా, నా కుర్చీ కూడా అప్పుడే ఎవరో పట్టుకుపోయారు. పొద్దున ఇక్కడే ఉంది."

"సార్, మీరు కొంచెం కూజా వైపు జరగండి."

"జరగనా? ఇందాకట్నుంచీ కదలొద్దని ప్రాణం తీస్తివి కదే!"

"ఈ ఒక్కసారికీ ఫరవాలేదు. ఆయనకి చోటు కావాలి కదా."

"పిచ్చిదానా, ఆయన నాలాంటివాడు కాదు. బల్ల మీద కూర్చోడు. నిలబడి తాళం వేసి చక్కా పోతాడు."

"కూర్చుంటారు సార్. అన్నేసి మెట్లెక్కి వచ్చాక ఎవరైనా కూర్చోవాల్సిందే. అందుకే కదా, పొద్దున్నే కుర్చీలన్నీ దాచేశాం."