బల్ల మీద పెట్టిన చేతులు

ఆన్‌లైన్ సైన్సు తరగతి అయిపోయింది. వీఆర్ కళ్లద్దాల్లో, పాఠం కోసం చూపించిన గదంత పెద్ద గుండె బొమ్మ లోపల, టీచరమ్మకు ఒక్క పిల్ల తాలూకు బొమ్మ మాత్రం ఇంకా కనిపిస్తోంది. ఆ బొమ్మ మొహం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. పిల్ల పట్టుకున్న కంట్రోలర్లు ఎలా కదిలితే అలా కదిలే చేతులు మాత్రం గడగడ వణుకుతున్నాయి.

“అందరూ వెళ్లిపోయారు. నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావమ్మా?”

“ఈ కవాటం ఇంకోసారి చూస్తాను మేడం.”

“ఆ చేతులేంటి, అలా వణుకుతున్నాయి?”

“కంట్రోలర్లు పాడయ్యాయి. నేను బాగానే ఉన్నాను.”

“అయితే వాటిని బల్ల మీద పెట్టు.”

“పెట్టాను.”

బొమ్మ చేతులు టక్కున ఆగిపోయాయి.

“ఇప్పుడు వణకడం లేదే! అంటే కంట్రోలర్లు బాగానే ఉన్నాయి. నా దగ్గర దాపరికమెందుకు తల్లీ?”

“ఈ కవాటం సరిగ్గా మూసుకోకపోతే మనుషులు బతకరా మేడం?”

“ఎవరి సంగతి నువ్వడిగేది?”

“అమ్మకి ఇవాళ దీనికే ఆపరేషన్. మధ్యాహ్నానికల్లా అయిపోతుందన్నారు. నాలుగు దాటింది.”

“అక్కడేదో మోగుతోంది. నీ ఫోనేనా?”

“ఆసుపత్రి నుంచి నాన్న. ఇందాకట్నుంచీ చేస్తూనే ఉన్నారు. ఈ కళ్లద్దాలు తీస్తే ఫోనెత్తాలి కదా మేడం!”

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“సరే, తియ్యకు. ఇక్కడే నా పక్కనే ఉండు. చేత్తో తడిమి ఫోనెత్తి స్పీకర్లో పెట్టు. ఏదైనా ఇద్దరం విందాం.”

అంటూనే టీచరమ్మ తన కంట్రోలర్లు కూడా మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“నాన్నా…”

“ఎన్నిసార్లు చెయ్యాలే నీకు! మీ అమ్మ కళ్లు తెరిచినప్పట్నుంచీ నువ్వు తిన్నావా లేదా అని నా ప్రాణం తీస్తోంది!”