గాలిమరకు ఇకామా

శుక్రవారం మధ్యాహ్నం కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న సౌదీ యజమాని, ఇంటిల్లిపాదినీ బండెక్కించుకుని తన తండ్రి ఇంటికి భోజనానికి వెళ్తాడు. వారంలో ఆ ఒక్కపూట స్టీరింగ్ తనే పట్టుకుంటాడు గనక డ్రైవర్ చెంచయ్యకు తీరిక. సౌదీ రాజధానిలోని మలాజ్ పేటలో ఆ ఇంటి గేటు పక్కనే చెంచయ్య గది, గది ముందు రెండు మెట్లు, మెట్ల మీద ప్రహరీ నీడ. ఆ నీడ పడగానే చెంచయ్య కబుర్ల దర్బారు మొదలైనట్టే.

దర్బారుకు టీ వంటగది కిటికీలోంచి వస్తుంది. కిటికీ మెట్లకు చేతికందే దూరం. టీ అందించేది జైతూన్ బీ, ఆ ఇంట్లో వంటా పిల్లల పనీ చూసే ప్రొద్దుటూరు మనిషి. మగవాళ్ల మధ్యకొచ్చి కూర్చోదు. దోమతెర అవతల గిన్నెలు కడుక్కుంటూ ఉంటుంది, చెవులు మాత్రం ఇవతలే ఉంటాయి.

వారం వారం వచ్చే శ్రోతలు ఇద్దరు. లాండ్రీలో ఇస్త్రీ చేసే గోపాలకృష్ణ పోయిన వేసవంతా సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. పక్కింటి డ్రైవర్ గులాం మొహిద్దీన్ ఈ వీధికి వచ్చి ఆరు నెలలు కాలేదు. పోయిన వేసవిలో ఈ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో తెలియని ఇలాంటి వాళ్లు దొరకడం చెంచయ్య అదృష్టం.

ఆ శుక్రవారం మూడో మనిషి వచ్చాడు. జైతూన్ బీ తమ్ముడు దావూద్. దమ్మాంలో వెల్డింగ్ పని. అక్కను చూసి ఏడాది దాటిందని బస్సెక్కి వచ్చాడు గాని, నిజానికి అతను వచ్చింది ఒక మాట తేల్చుకోవడానికి.

పోయిన వేసవిలో కఫీల్, ఆయన భార్య మేడం, పిల్లలతో పాటు హాలండు వెళ్లొచ్చానని, అక్కడ గాలికి తిరిగే పాతకాలపు పిండిమర ఎక్కానని జైతూన్ బీ ఇంటికి ఫోన్లో చెప్పింది. ఆమె కూతురు మాబున్నీ అయిదో తరగతి. పొంగిపోయి బళ్లో చెప్పింది. క్లాసంతా నవ్వింది. అత్తగారి వైపు వాళ్లు అంతకన్నా ఎక్కువ నవ్వారు. అంట్లు తోమను పోయినామె దేశాలు తిరిగిందంట, మేడంతో సమానంగా మర ఎక్కిందంట అని వీధిలో చెప్పుకున్నారు. పిల్ల రెండు రోజులు ఏడ్చి, అమ్మ కోతలు కోసి తన పరువు తీసిందని ఫోన్ దగ్గరికే రావడం మానేసింది.

దావూద్ వస్తూనే కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. "నిజమేరా," అంది జైతూన్ బీ. "నిజం చెప్పినందుకే బిడ్డ నాతో మాట్లాడకుండా పోయె. ఇంక ఆ మాట ఎవురి దగ్గరా ఎత్తను." టీపొడి డబ్బా మూత గట్టిగా బిగించి అటు తిరిగిపోయింది. దావూద్‌కి అక్కను నమ్మాలని ఉంది. కాని మోటారు లేకుండా, కరెంటు లేకుండా మేడంత మర తిరగడమేమిటి? రోజంతా ఇనుముతో కుస్తీ పట్టే మనిషికి అది ఎంతకూ మింగుడుపడలేదు. అందుకని టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీదికి వచ్చి, పెద్దమనిషిలా కనిపించిన చెంచయ్యనే అడిగాడు.

"అన్నా, హాలండులో గాలికి తిరిగే పిండిమర ఉంటాదంటనే. ఎవురైనా పోయి చూడొచ్చంట. నిజమేనా?"

చెంచయ్యది నెల్లూరు. ఏ ప్రశ్నకైనా తెలీదు అని చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు. కాళ్లు బారచాపుకున్నాడు.

"ఉంటాదా అని అడుగుతుండావా అబ్బయ్యా? నేను ఎక్కిన మరని నన్నే అడుగుతుండావే! పోయినెండల్లో మా కఫీల్ హాలండు పోదాం పదమన్నాడు, సరే, మేడం, పిల్లలు, అందరూ వెనక, నేను స్టీరింగ్ ముందర. కాలవ గట్టు మీద పోతా ఉంటే దూరంగా కనపడింది సామీ, కొయ్యతో కట్టిన మర, నాలుగు రెక్కలు, ఒక్కో రెక్కా తాటిచెట్టు పొడుగు, గాలికి గుండ్రంగా తిరగతా ఉండాది. అక్కడ పద్ధతేందంటే, రెక్కలు తిరగతా ఉంటే తలుపు తీసున్నట్టే లెక్క, దొరైనా దాసుడైనా లోపలికి పోవచ్చు. పొయ్యాం."

దావూద్ ప్రాణం లేచొచ్చింది. అక్క చెప్పిందీ ఇదే. రెక్కలు తిరుగుతుంటే లోపలికి రమ్మని అర్థం అన్న మాట కూడా అక్షరం తేడా లేకుండా ఇదే.

"లోపల ఎట్ల ఉంటాదన్నా?"

"లోపల నిచ్చెన మెట్లు, ఎక్కేటప్పుడు బానే ఉంటాది, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగాల. అంతా కొయ్య పళ్ల చక్రాలు, ఒకదాని పళ్లు ఇంకోదాన్ని పట్టుకోని తిరగతా ఉంటే ఇల్లు ఇల్లంతా గొణుగుతుంటాది. రెండొందల యాళ్ల నాటిదంట సామీ, ఇప్పటికీ గోధుమలు పోస్తే పిండి రాలతా ఉండాది. నడిపేది ఒక ముసలాయన, కాళ్లకి కొయ్య చెప్పులు. కట్టినోడికి దణ్ణం పెట్టాల." చెంచయ్య నిజంగానే రెండు చేతులూ జోడించాడు. ఆ ఒక్క నిమిషం ఆయన ముఖంలో కోతల జాడే లేదు. "అట్టా పైకెక్కి చూస్తుండామా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి ఆగిపొయ్యింది."

"అయ్యో," అన్నాడు గోపాలకృష్ణ. ఈ కథ అతను వినడం ఇది నాలుగోసారి. అయినా గాలి ఆగిన చోట అయ్యో అనకపోతే అతనికి తోచదు.

"గాలి ఆగిందా, రెక్కలు ఆగినయ్, రెక్కలు ఆగితే తలుపెయ్యాల గదా. కింద చూస్తే చూసేదానికి వచ్చిన జనం బారులు తీరుండారు. ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు కడుపు తరుక్కుపొయ్యింది. చలిదేశం గదా అని నేను ప్యాంటు లోపల లుంగీ కట్టుకునుండా. విప్పా. రెక్కకి కట్టా."

"లుంగీ కడితే గాలెట్లా వస్తుందన్నా?" అన్నాడు గులాం మొహిద్దీన్.

"నీకు తెలీదులే. అది మైపాడు సముద్రం ఒడ్డున ఆరేసిన లుంగీ. ఆ గాలి మడతల్లో అట్నే ఉండాది. రెక్కకి కట్టి ఒక్కసారి దులిపానా, బయటికొచ్చింది సామీ మైపాడు గాలి! రెక్కలు తిరిగినయ్, తిరిగినయ్, కంటికి కనపడకుండా తిరిగినయ్. గింజలు పొయ్యలేక ముసలాయన పడిపొయ్యాడు. ఆ ఊరి గోధుమలైపొయ్యాయి, పక్కూరి గోధుమలు తెచ్చారు, అవీ అయిపొయ్యాయి. పిండి మోకాళ్ల దాకా వచ్చింది, నడుముల దాకా వచ్చింది, పిల్లలు పిండిలో ఈత కొడతా ఉండారు. మేడం పైనించి 'శ్వయ్ శ్వయ్, మెల్లగా చెంచయ్యా' అని ఒకటే కేకలు."

మొహిద్దీన్ తొడ మీద చరుచుకుని నవ్వాడు. దావూద్ మాత్రం నవ్వలేకపోయాడు. లేచొచ్చిన ప్రాణం మెల్లగా మళ్లీ కిందికి దిగుతోంది.

"మరి ఆపాల గదా. తాడు పట్టుకోని లాగేశా. ఒక పట్టు ఎక్కువైంది కామోసు, మర ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిండంతా లేచి రాళ్ల మధ్యలోకి పొయ్యి గోధుమలై బయటికొచ్చింది. ఊళ్లో పొయ్యిల మీద కాలతా ఉన్న రొట్టెలు పిండైపొయ్యాయి, పిండి గోధుమలైపొయ్యింది, గోధుమలు పొలాల్లోకి పొయ్యి కంకులై నిలబడ్డాయి. రైతులొచ్చి నా కాళ్ల మీద పడి, అయ్యా, మళ్లీ కోసుకునే ఓపిక లేదు, ముందుకి తిప్పమని ఏడుపు."

"తిప్పావా?"

"తిప్పకుండా ఉంటానా? ఈసారి కాస్త గట్టిగా తిప్పా. ఆ పళాన మర నేలనొదిలి పైకి లేచింది. మేము లోపల, నా చేతిలో తాడు. ఈ తాడు లాగితే కుడికి, ఆ తాడు లాగితే ఎడమకి. మబ్బులు దాటాం, సముద్రాలు దాటాం, కిందికి చూస్తే ఓడలు, రేవు. ఇదేందిరా తెలిసిన ఊరే అని చూస్తే జెద్దా. సరే, వచ్చాం గదా అని దించా. దిగీ దిగకముందే పోలీసులొచ్చారు. ఈ దేశంలో ఇకామా లేకుండా చీమైనా తిరిగేదానికి లేదు గదా. మర చుట్టూ తిరిగి చూసి, దీనికి ఇకామా ఉందా అన్నారు."

ఇకామా అనే ఆ నివాస అనుమతి కార్డు మాట రాగానే గోపాలకృష్ణ టీ పొలమారి దగ్గాడు. ఇది కొత్త ముక్క, పోయిన మూడుసార్లూ లేదు.

"లేదని చెప్పా. మరి దీని కఫీల్ ఎవరన్నారు. నేనే అన్నా. నా ఇకామా చూశారు, మరని చూశారు, మళ్లీ నన్ను చూశారు. పెద్దాఫీసరు సెల్యూట్ కొట్టి, నువ్వు కఫీల్ అయితే మాకేం అభ్యంతరం లేదు పొమ్మన్నాడు. మళ్లీ ఎక్కించుకోని తెచ్చి, కాలవ గట్టు మీద ఎక్కడిదక్కడ పెట్టేశా. పోయి చూడండి కావాలంటే, అక్కడే ఉంటాది. లుంగీ మాత్రం ముసలాయన ఇయ్యలేదు, జ్ఞాపకంగా ఉంచుకుంటానన్నాడు."

ఇద్దరూ కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. చెంచయ్యలాంటి వాడు లేడని ఒప్పుకోవాల్సిందే. వారమంతా ఇస్త్రీపెట్టె ముందు ఉడికిన గోపాలకృష్ణకు ఆ మెట్ల మీద పూట ఎలా గడిచిందో తెలియదు.

దావూద్ గ్లాసు కింద పెట్టాడు. రెక్కలు, నిచ్చెన మెట్లు, కొయ్య చెప్పులు, అక్క ఫోన్లో చెప్పినవన్నీ ఇవే. అంటే ఈ నోట్లోంచి ఊడిపడ్డ కథనే అక్క ఈ కిటికీ దగ్గర విని ఇంటికి మోసిందన్నమాట. వీధిలో వాళ్లు నవ్వడంలో తప్పేముంది? మాబున్నీకి ఏమని చెప్పాలి?

"మా అక్క కూడా వచ్చిండెనా అన్నా, మీతో?" చివరి ఆశ అది.

చెంచయ్యకు ప్రొద్దుటూరులోని ఆ ఇంటి గొడవ తెలియదు. కథ మంచి ఊపు మీదుంది. నోరు మనసు కంటే ముందు పరుగెత్తింది.

"జైతూన్ బీనా? ఇల్లు చూసుకునేదానికి ఒకరుండాల గదా అబ్బయ్యా. ఆమె ఇక్కడే ఉండి ఖర్జూరం చెట్లకి నీళ్లు పోసింది."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దోమతెర పక్కకు జరిగింది.

"చెంచయ్యన్నా," అంది జైతూన్ బీ. గొంతులో కోపం లేదు, ఉప్పు చాలిందా అని అడిగినట్టే ఉంది. "ఆ దేశంలో బండి నడిపింది నువ్వేనా?"

"నేను కాకపోతే ఇంకెవరు? కఫీల్‌కా, కొత్త ఊళ్లో నడపాలంటే బయ్యం. పిల్లలా, చిన్నోళ్లు."

"మేడం నడిపింది."

ఈ దేశంలో ఆడవాళ్లు స్టీరింగ్ పట్టడానికి ఇంకా అనుమతి లేదు. అందుకే ఆ గేటు పక్కన చెంచయ్యకు ఒక గది, పక్క గేటు దగ్గర మొహిద్దీన్‌కు ఇంకో గది.

"మేడమా?" అన్నాడు చెంచయ్య.

"మేడమే. విమానం దిగినంక బండి అద్దెకు తీసుకుంటిమి. తాళంచెవి చేతికి రాంగానే సీటు ముందుకు జరుపుకోని కూర్చునె. సారు పక్కన కూర్చోని మ్యాపు పట్టుకునె. నేను వెనక, పిల్లోళ్లతో. అక్కడ డ్రైవరెందుకన్నా, మేడంకే వస్తాంటే?"

"ఆఁ... అందుకా!" చెంచయ్య ఉన్నపళంగా లేచి నిలబడ్డాడు. "మేడం హాలండునించి దిగిన కాడ్నించి వెనక సీట్లో కూచోని, ముందే లైను మారు చెంచయ్యా, బ్రేకు అంత గట్టిగా తొక్కొద్దు చెంచయ్యా అని ఒకటే పేర్లు పెడతా ఉండాది. ఇదెక్కడ నేర్చిందిరా నాయనా అని ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటుండా!"

గోపాలకృష్ణ మెల్లగా అడిగాడు. "వాళ్లు ఊరినించి దిగినప్పుడు నువ్వు ఇక్కడున్నావా అన్నా?"

"మరి చెట్లకి నీళ్లు?" అన్నాడు మొహిద్దీన్.

చెంచయ్య ఇద్దరి ముఖాలూ చూశాడు. మర జెద్దాలో దించినప్పుడు కూడా తడుముకోని మనిషి మెడ గోక్కుంటూ కిటికీ వైపు తిరిగాడు.

"అది సరే గానీ బీ, ఎట్టా నడుపుతుంది?"

"నీకంటే బాగా."

మొహిద్దీన్ మెట్ల మీదనుంచి జారిపడినంత పని చేశాడు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది చెంచయ్యే. "అనుకున్నా," అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ, "ఆమె కళ్లలోనే ఉండాది డ్రైవింగు."

దావూద్ అప్పటికే ఫోన్ తీసి ఇంటికి కలిపాడు. "మాబున్నీని పిలువు. రానంటే మామ పిలుస్తాండాడని చెప్పు... పాపా, నేను. అమ్మ చెప్పిందంతా నిజమే. అమ్మే పోయిండాది. అమ్మ కాడ విని కోతలు కోసినోళ్లు వేరే ఉండారు, ఈడనే నా పక్కన నిలబడుండారు. మాట్లాడు."

జైతూన్ బీ తడిచేయి చున్నీకి తుడుచుకుని ఫోన్ అందుకుంది. అవతల పిల్ల ఊపిరి ఒక్కటే వినిపిస్తోందని తల్లి ముఖం చూస్తే తెలుస్తోంది. తర్వాత పిల్ల ఏదో అడిగింది.

"గాలి ఆగిపోతేనా? ఆగిపోతే ఊరికే కూర్చుంటారు పాపా," అంది జైతూన్ బీ. ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఆగిపోయె ఒకసారి. ఆ ముసలాయన ఏం తొందర పడలేదు. గాలి దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తాదన్యాడంట, మేడం చెప్పింది. అందరం కాలవ గట్టున కూర్చుంటిమి. వచ్చినంక నన్ను పిలిచి, రాలే పిండి కింద చెయ్యి పెట్టమన్యాడు. వేడిగా ఉండె మాబున్నీ. నువ్వు మన పిండిమర నుంచి తెచ్చే పిండి ఉండదూ, అంతే వేడి. గాలి ఒక్కటే, ఇంకేం లేదు. నువ్వే గుర్తొచ్చినావు."

చెంచయ్య టీ గ్లాసు పక్కన పెట్టి, మెట్టు దిగి, కిటికీ దగ్గరికి జరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కాస్త గట్టిగా చెప్పు బీ, మాకూ ఇనపడాల," అన్నాడు. "ఆ తర్వాత ఏమైంది?"