పటం మీద ఎర్రచుక్క

ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లోని సెక్టర్ 7 సమావేశ మందిరంలో ప్రాంతీయ రవాణా ప్రణాళిక పటాన్ని గోడకు వేలాడదీశారు. అభ్యంతరాలకు అదే ఆఖరి రోజు. పటం ముందు ఒక విశ్రాంత ఇంజనీరు, ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన ఫోర్‌మన్ నిలబడి ఉన్నారు.

"జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ములో స్థలం కొన్నావని నిన్ను చూసి నవ్వాను. మెట్రో స్టేషను నీ గుమ్మంలోకే వస్తోందా?"

"అవును సార్. ఆ ఎర్రచుక్క నా ఇల్లే."

"ఇరవై ఏళ్లు నా కింద పనిచేశావు. ఆ స్టేషను కోహ్కాలో, మా వైపు ఉండటమే న్యాయం. ప్రజాహితం కోరి నాలుగు పేజీల అభ్యంతరం ఇంగ్లీషులో రాసి ఇప్పుడే కౌంటరులో ఇచ్చాను."

"ఇచ్చీసినారా! మీకు దండం పెడతాను సార్."

"దండమెందుకు?"

"చుక్క పడిన ఇల్లు కూల్చీస్తారంట. మీవల్ల నా ఇల్లు మిగులుతాది. కోహ్కాలో చుక్క ఎక్కడెట్టినారు?"

"మా వీధి కొలతలతో సహా పటం గీసి జతచేశాను."

"అదే సార్, ఎక్కడ?"

"కౌంటరు ఎన్నింటికి మూస్తారు?"

"మీది తీసుకుని మూసీసినారు సార్."