ముడికొక్క బ్యాంకు మాట

మహారాష్ట్ర సరిహద్దు ఊరు రేగుంటలో మధ్యాహ్నం. సమ్మన్న మళ్ళీ అహేరి పోయాడు. అతని భార్య మల్లక్క మరిది ఇంట్లో దూరి, బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్న మరిది కూతురు తిరుమల చెయ్యి పట్టుకుంది. కూర్చోమంటే వినలేదు. భయం పట్టిన మనిషికి పీటెందుకు?

“గట్టిగ అనకు బిడ్డా. మీ అమ్మ వింటది.”

“అమ్మ చేనుకు పోయింది పెద్దమ్మా. ఇంట్ల నేనొక్కదాన్నే. గట్ల గుసగుసలేంది?”

“మీ పెద్దబాపు నన్ను ఇడిసిపెట్టి పోతుండు.”

“పెద్దబాపా? నిన్నా? ఎవరన్నరు?”

“ఎవరనాలె? నాకు కండ్లు లేవా? నెల దినాల సంది అహేరి, అహేరి. ఏం పని అంటే మీదికి లేస్తడు. ఇంట్ల బుక్కెడు బువ్వ తింటలేడు. అక్కడ ఎవతో వండి పెడుతున్నది.”

“అహేరిల ఏదో పని ఉంటది తియ్యి.”

“ఏం పని? ముప్పై ఏండ్ల సంది నమిలే ఖర్రా ఒక్క దినంల బంద్ వెట్టిండు. నేను కాళ్లు మొక్కితే ఇడువనోడు ఎవతి మాటకు ఇడిసిండు? ఆ పొగాకు కంపు దానికి పడలేదు గావచ్చు.”

“నువ్వు జర కూసో. నీళ్లు తాగు.”

“నీళ్లు వద్దు. నువ్వు బ్యాంకు సదువు సదువుతున్నవ్ గద, నాకు కొన్ని మాటల మతలబు చెప్పు. మంగళారం నన్ను సిరొంచ బ్యాంకుకు తోల్కపోయిండు. పెండ్లయిన కాంచి గడప తొక్కనియ్యని బ్యాంకు. కొత్త సారుకు తెలుగు రాదు. ఇద్దరు మరాఠీల ఇంగ్లీషు కలిపి ఏందో మాట్లాడుకున్నరు, నాతోటి సంతకం పెట్టిచ్చుకున్నరు. ఏందయ్యా అంటే నీకెందుకు అన్నడు. నేనేం తక్కువదాన్నా? చెవులవడ్డ ఇంగ్లీషు మాటకొక ముడి కొంగుకు ఏసుకున్న. బస్సుల మర్వకుంట అనుకుంట వచ్చిన.”

“ఏది, ఒక ముడి ఇప్పు.”

“‘ఎఫ్‌డీ బ్రేక్’.”

“నిజంగ అన్నడా? బ్రేక్ చెయ్యుమన్నడా?”

“ముందు గది అంటే ఏందో చెప్పు.”

“గడువు దాకా తియ్యొద్దని బ్యాంకుల దాసిన పైసలను మధ్యలనే తీసుడు.”

“పత్తి పైసలు! ఇల్లు కడుదమని దాసినయి. సూసినవా, మూట గట్టుకున్నడు. నన్ను ముంచిండు.”

“అట్ల కాదు. మంచికే తీసిండేమో.”

“ఏం మంచి? నువ్వేందే, కండ్లు తుడుసుకుంట నవ్వుతున్నవ్?”

“ఏం లేదు. ఇంకోటి ఇప్పు.”

“‘లోన్ క్లోజ్’.”

“లోన్... మొత్తం కట్టేసిండా?”

“నన్నడిగితే? నువ్వు చెప్పాలె.”

“పంట అప్పు మొత్తం కట్టి మూసేసుడు. ఇడిసిపోయేటోడు అప్పు కట్టి పోతడా పెద్దమ్మా? నీ నెత్తిన పెట్టి పోతడు గని.”

“నన్ను ఊకోవెట్టకు. ఇగో, ఈ ముడి... దీని మాట యాదికొస్తలేదు. పోనీ. ఇది ‘జాయింట్ అకౌంట్’.”

“ఇద్దరి పేరు మీద ఖాతా. అప్పు కట్టంగ మిగిలినయి అండ్ల ఏసిండు. నీ సంతకం గందుకే.”

“నా పేరెందుకు? నా మీద ఇంకో అప్పు తీసెటందుకా?”

“కాదు. ఇంకేమన్నరు?”

“పెద్ద మాట. ఎట్ల పెట్టాలె అని సారు అడిగితే, ఈయన రెండు మూడు సార్లు చెప్పించుకొని తలకాయ ఊపిండు. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’.”

“పెద్దబాపే అట్ల పెట్టుమన్నడా?”

“ఆయనే. ఏడుస్తున్నవేందే? చెప్పు.”

“ఐదర్ అంటే, ఇద్దరిట్ల ఎవరచ్చి అడిగినా పైసలిస్తరు. సర్వైవర్ అంటే, ఒకళ్లు లేకుంటయితే మిగిలినోళ్లకిస్తరు.”

“లేకుంటయితే అంటే? యాడికి పోతే?”

“సచ్చిపోతే పెద్దమ్మా.”

“నన్ను సంపుతడా?”

“పోయేది నువ్వు కాదు. నేను పెద్దబాపును అహేరిల చూసిన. పోయిన బేస్తారం. ఎవతి ఇంట్ల కాదు, దవాఖాన లైన్ల. ఖర్రాతోటి నోట్లె పుండయ్యింది. గందుకే బువ్వ మింగుడు వడుతలేదు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు.”

“పుండా?”

“నాగ్‌పూర్ పోయి ఇప్పుడే పుండు కోపిచ్చుకుంటే బతుకుతడన్నరట. బాగ ఖర్చు. పోత బిడ్డా అని నాతోటి అన్నడు. ఎఫ్‌డీ తీసిండంటే గందుకేనని సంబరపడ్డ. అప్పు కట్టి, మిగిలింది నీకు పెట్టిండంటే... ఆయన నాగ్‌పూర్ పోడు పెద్దమ్మా.”

“పొద్దుగాల సుత తిట్టిన. బువ్వ గిన్నె ముంగట కొట్టి, పోయి దాని తానే తిను అన్న. చెప్పులేసుకొని పోయిండు.”

“నీకు తెల్వదు గద.”

“తిరుమలా. ఆ మొదటి మాట మల్ల చెప్పు. ఎవరచ్చి అడిగినా ఇస్తరంటివి. నేనొక్కదాన్నే పోతే?”

“ఇస్తరు. ఆయన సంతకం అక్కర లేదు.”

“అయితే ‘పైసలన్నీ తీస్త’ అని ఇంగ్లీషుల ఎట్లనాలె, అది నేర్పు. నాగ్‌పూర్ బస్సుల కూసోవెట్టినంక ఆయనకు నేనే చెప్త.”