ఒక్క పళ్లెం సుంకమ్మ

సుంకమ్మని ఒకాయమ్మ. మా ఊర్లోనే, కొండ కింది వీధిలో. పేరు సుంకమ్మే గానీ ఊరంతా ఒక్క పళ్లెం సుంకమ్మ అంటారు. ఎందుకంటారో చెప్తా, తొందరపడొద్దండి. ఆయమ్మ కాపురానికొచ్చేసరికి అత్తగారిల్లు నాలుగు ముక్కలై ఉన్నిందంట. అన్నదమ్ములు కొట్లాడుకోని నట్టింట్లో గోడలు లేపినారు. వాళ్లమ్మ, అంటే సుంకమ్మ ముసలి అత్త, ఒక నెల ఈ గోడకు ఈపక్క, ఇంగో నెల ఆపక్క, గిన్నె చేతిలో పట్టుకోని తిరుగుతాండె. ముప్పై దినాలు పెట్టేదని ఒప్పందం అనుకో. ముప్పై ఒకటో తేదీ వచ్చిందంటే ఈపక్కోళ్లు మా వంతు అయిపోయింది అంటారు, ఆపక్కోళ్లు మా వంతు రేపటి నుంచి అంటారు, ముసలామె ఆ పొద్దు అరుగు మీద ఊరికే కూసోనుండేది. సుంకమ్మ కొత్త కోడలు, నోరు తెరిచి ఏమీ అనలేదు. మనసులో మాత్రం గట్టిగా అనుకునిందంట, నాకెంతమంది కొడుకులు పుట్టనీ, నా ఇంట్లో పొయ్యి ఒకటే ఉండాల, నేను బతికుండగా రెండో పొయ్యి వెలగకూడదు అని. అనుకునింది గానీ ఎట్లా చెయ్యాలో యాడ తెలుసు పాపం.

ఏమైందంటే, ఆయమ్మకు ముగ్గురు కొడుకులు పుట్టి పెద్దోళ్లవుతాండంగా మా పంచాయితీ ఆఫీసుకు టీవీ వచ్చె. ఊరందరికీ అదొక్కటే. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి 'ఒక్క పొయ్యి ఇల్లు' అని నవ్వుల సీరియలు. మీలో పెద్దోళ్లు చూసే ఉంటారు. కామాక్షమ్మని అత్త, ఆయమ్మకు ముగ్గురు కోడళ్లు, అందరికీ ఒకటే పొయ్యి. అర్ధగంటా కొట్లాటే. ఇద్దరు కోడళ్లు జుట్లు పట్టుకునేదాకా వచ్చినారనుకో, కామాక్షమ్మ ఒకే ఒక పళ్లెం తెచ్చి ఇద్దరి నడుమ పెట్టి, ఇద్దరూ దీంట్లోనే తినండి, ఖాళీ అయ్యేదాకా ఎవురూ లేచేది లేదు అంటాది. వాళ్లు మొగాలు ఆపక్కకీ ఈపక్కకీ తిప్పుకోని తింటారు. తింటాంటే చేతులు తగుల్తాయి. చిన్న కోడలు విమల ఫక్కుమని నవ్వుతాది, పెద్దదీ నవ్వుతాది, పాట వస్తాది, అయిపోతాది. వారం వారం అదే కథ, వారం వారం మా ఊరు అదే చప్పట్లు. సుంకమ్మ చప్పట్లు కొట్టలేదంట. కండ్లు ఆర్పకుండా చూసిందంట, ఇదిరా నాకు కావాల్సింది అని.

అంతలోకి కొడుకులకు పెండ్లిండ్లు అయినాయి, కోడళ్లొచ్చినారు. పెద్ద కోడలు హనుమక్క, నడిపిది పెనుకొండ దిక్కుది, చిన్నది శైలజ. కొట్లాటలు లేకుండా ఉంటాయా, ఆడోళ్లు ముగ్గురు, వంటిల్లు ఒకటి. కొట్లాట వచ్చిందంటే సుంకమ్మ పళ్లెం పెట్టేది. ఒక సంగటి ముద్ద, ఇంత ఊరుబిండి పచ్చడి, అంతే. రోటి మీద కూసోని తనే చూసేది, ఇద్దరి చేతులూ నోటికి పోతాండాయా లేదా అని. పళ్లెం ఖాళీ అయినాక సంగటి కుండ బోర్లించేది, ఆ పూటకి ఇంగ కూడు లేదు, కోపమంతా ఆడికే తీరిపోవాల అని. ఈ సంగతి ఇంటింటికీ పాకింది. అక్కాచెల్లెండ్లు తిట్టుకున్నా పళ్లెమే, అన్నాదమ్ములు గట్టు కాడ కలబడినా పళ్లెమే, కొత్తగా పెండ్లయినోళ్లు అలిగినా పళ్లెమే. పక్కూర్లలో ఇండ్లు ముక్కలైతాంటే మా ఊర్లో ఒక్క గోడ లేయలేదు, తెలుసునా. పెద్దమనుషులు కూడా, సుంకమ్మక్కా ఒకసారి రా, పళ్లెం పెట్టి పో అని పిలుచుకోని పోయేవాళ్లు. ఆయమ్మ నడిచొస్తాంటే తల పైకెత్తుకోని వచ్చేది. ఎందుకెత్తుకోదు, నేనైనా ఎత్తుకుంటా.

అట్లా ఏండ్లు గడిచినాయి. మొన్న మొన్న, ఈ మజ్జనే, శైలజ ఫోన్లో చూసి చెప్పిందంట, అత్తా, ఒక్క పొయ్యి ఇల్లు మళ్లీ తీసినారు, అదే ఇల్లు, అదే విమల, ఈ ఆదివారం నుంచి వస్తాది అని. సుంకమ్మకు ఎంత సంతోషమంటే చెప్పలేం. దానికింగో కారణం ఉండాది. చిన్న కొడుకూ శైలజా అప్పుడప్పుడు గుసగుసలు పోతాండారు, వేరు పొయ్యి పెట్టుకుంటే ఎట్లుంటాది అని. సుంకమ్మ చెవినబడింది. ఆయమ్మకు నిద్ర లేదు. ముప్పై ఒకటో తేదీ అరుగు మీద కూసున్న ముసలామె కండ్ల ముందరికి వస్తాండాదంట. ఇప్పుడు దేవుడే పంపినట్ల కామాక్షమ్మ మళ్లా వస్తాంది, చూపించాల, ఈ ఇద్దరినీ ముందర కూసోబెట్టి చూపించాల అనుకునింది.

ఇప్పుడు ఇంటింటికీ టీవీ ఉండాది గదా, ఎవురింట్లో వాళ్లు చూడొచ్చు. కాదన్నారు ఊర్లోవాళ్లు, అప్పుడెట్లా చూసినామో అట్లే చూడాల అని. రిటైరైన పోస్టుమేను వన్నూరప్ప తన గోడంత టీవీ మోపించి పంచాయితీ ఆఫీసులో పెట్టించినాడు. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఆఫీసు నిండిపోయె. సుంకమ్మ పట్టుచీర కట్టుకోని ముందర కుర్చీలో. పక్కన శైలజ, వాళ్లాయన. హనుమక్క మాత్రం యెనకాల వాకిలి కాడ నిలబడింది, ఆయమ్మ యాడికి పోయినా వాకిలి కాడే నిలబడతాది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటాది గదా.

పాట వచ్చె. అదే పాట. అందరూ చప్పట్లు. ఇల్లు కనపడె. అదే ఇల్లు అనుకో, సున్నం మాత్రం కొత్తది. కెమెరా గోడ మీదికి పోయె. గోడ మీద కామాక్షమ్మ ఫోటో, ఫోటోకు దండ. బసమ్మవ్వని తొంబై ఏండ్ల ముసలామె, ఆయమ్మ లేచి నిలబడి, కామాక్షమ్మ పోయిందా, ఎప్పుడు పోయింది, మనకొక్కరూ కబురు పెట్టలేదే అనింది. అవ్వా, అది సీరియలు, కూసో అన్నారు. సీరియలైతే ఏమి, చావు చావే గదా, విన్నాక తలమీద నీళ్లు పోసుకోకుండా ఎట్లుంటారు అని ఆయమ్మ ఇంటికి పోయె. నవ్వొద్దండి, ఆయమ్మ యెనక ఇంగో నలుగురు పోయినారు. మిగిలినోళ్లకు కూడా పోవాలనే ఉంది, ఏమైతాదో చూసి పోదామని ఆగినారు. సుంకమ్మకు మొగంలో నెత్తురు లేదు. అయినా ధైర్యం చెప్పుకునిందంట, అత్త పోతే ఏమి, పళ్లెం ఉంటాది, విమల ఉండాది గదా అని.

విమల వచ్చె. తల నెరిసింది. ఇప్పుడు ఆయమ్మే అత్త. ఇద్దరు కోడళ్లు. కొట్లాట మొదలాయె, పెరిగె, అరిచినారు, గిన్నెలు విసిరినారు. ఊరంతా ముందరికి వంగి, పెట్టు తల్లీ పెట్టు, పళ్లెం పెట్టు అంటాండారు. విమల వంటింట్లోకి పోయింది. పళ్లెం తెచ్చింది. ఒకటి కాదు, రెండు. ఇది నీకు, ఇది నీకు, ఎవురి దాంట్లో వాళ్లు తినండి అనింది. కోడలు అడిగింది, అదేందత్తా, పెద్దత్త కామాక్షమ్మ ఇద్దరికీ ఒకే పళ్లెం పెట్టేదంట గదా, మీరు నవ్వుకుంటా తినేవాళ్లంట గదా అని. దానికి విమల ఏమనిందో తెలుసునా. "ఆ పళ్లెంలో తిన్న ఏ పూటా నా కడుపు నిండలేదమ్మా. పక్కదాని చెయ్యి బిరబిరా పోతాండె. నేను నవ్వినాననుకున్నారు అందరూ, ఆకలికి నోరు తెరిచినా" అనింది.

టీవీలో ఎవురో జనం గొల్లున నవ్వినారు, అది వాళ్లు పెట్టుకునే నవ్వు. మా ఆఫీసులో ఒక్కరు నవ్వలేదు. వన్నూరప్ప నోట్లో వక్క అట్లే ఉండిపోయింది. అప్పుడు యెనకాల నుంచి ఒక నవ్వు వచ్చింది. అందరూ తిరిగి చూసినారు. హనుమక్క. వాకిలి పట్టుకోని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుతాంది. కాపురానికొచ్చి ఇన్నేండ్లాయె, ఆయమ్మ గొంతు ఎట్లుంటాదో శానామందికి తెలీదు, అట్లాంటిది నవ్వుతాంది. నవ్వి నవ్వి కండ్ల నీళ్లొచ్చినాయి. ఇంగ నవ్వు ఆగిపోయె, కండ్ల నీళ్లు మాత్రం ఆగలేదు. గిర్రున తిరుక్కోని ఇంటికి పాయె.

ఆఫీసులో అప్పుడు లేచింది గలాటా. ఇది మన కామాక్షమ్మ ఇల్లు కాదు అని ఒకడు, చచ్చినామె మీద మాటలేంది, ఫోటోలోంచి లేచొచ్చి జవాబు చెప్తాదా అని ఒకామె, విమలకు డబ్బులిచ్చి అట్లా అనిపించినారు అని ఇంగొకడు. ముప్పై ఏండ్లు మనల్ని పిచ్చోళ్లను చేసినారప్పా అని ఒకాయన తల పట్టుకోని కూసునె. ఎంత నమ్మినారో అంత దెబ్బ తగిలింది అనుకో. వన్నూరప్ప కాగితం తీసినాడు. టీవీ వాళ్లకు జాబు రాద్దాం, విమల చేత ఆ మాట వెనక్కి తీసుకోమందాం, కామాక్షమ్మ పళ్లెం మళ్లా పెట్టించమందాం, ఊరంతా కింద చేవ్రాళ్లు పెట్టాల, మొదటి వేలిముద్ర సుంకమ్మక్కది అన్నాడు. సిరాడబ్బా కూడా తెచ్చినారు. సుంకమ్మ లేచింది. రాసి పెట్టండి, అన్నం వేళకు ఇంటికి పోయి వచ్చి వేస్తా, ఇంట్లో ఒకదానికి చెప్పే పని ఉంది అనింది.

ఇంటికి పోయి కాళ్లు కడుక్కోలేదు, చీర మార్చలేదు. ఏమే హనుమక్కా, అంతమందిలో నా పరువు తీస్తివి గదే, నేను నిలబెట్టిన ఇల్లు చూసి నవ్వితివా అనింది. హనుమక్క సంగటి కెలుకుతాంది, తలెత్తలేదు. పెట్టే పళ్లెం, నువ్వూ శైలజా కూసోండి అనింది సుంకమ్మ. అప్పుడు హనుమక్క కెలికే కట్టె పక్కన పెట్టి, "శైలజ ఎందుకత్తా? ఈ పొద్దు కొట్లాట నీకూ నాకూ గదా. నువ్వే కూసో" అనింది. మెల్లిగానే అనింది. నిజమే గదా. ఇన్నేండ్లు పళ్లెం పెట్టింది గానీ సుంకమ్మ ఏ పొద్దూ ఆ పళ్లెం ముందర కూసోలేదు. పెట్టిన చట్టం తనదే, కాదంటే ఎట్లా. కూసునింది.

ఒక ముద్ద, ఇంత ఊరుబిండి, నడుమ పళ్లెం. ఎదురుగా కోడలు. ఇద్దరూ చెయ్యి పెట్టినారు. సుంకమ్మ కోపంగా ఒక తుంట తుంచి మింగింది, ఇంగోటి మింగింది. హనుమక్క చెయ్యి పళ్లెంలోకి పోతాంది, నోటికి పోతాంది, మళ్లా పళ్లెంలోకి పోతాంది. రోటి మీద నుంచి ఆయమ్మ ఎప్పుడూ చూసింది అదే. అట్లే తినాల అని ఎన్నిసార్లు మెచ్చుకునిందో. ఇప్పుడు మూరెడు దూరంలో కూసున్నాది గదా, ఇప్పుడు కనపడింది. ఆ చేతిలో ఏమీ లేదు. ఉత్త వేళ్లు సంగటిని తాకుతాండాయి, ఉత్త వేళ్లు పెదవులకు పోతాండాయి. తన దిక్కునున్న ముద్ద కూడా బొటనవేలితో సుంకమ్మ దిక్కు జరుపుతాంది. కావాలని చేసేది కాదు, చేతికి అదే అలవాటు.

"ఏమే, చేతిలో ఏం లేదే" అనింది సుంకమ్మ. హనుమక్క ఉలిక్కిపడి చెయ్యి చూసుకునె. అలవాటైపోయిందత్తా అనింది. "ఎందుకే అట్లా?" అంటే, "ఎదురుగా కూసునేది నాకంటే చిన్నది. కొట్లాడి, ఏడ్చి, ఆకలితో ఉంటాది. ఒక్క ముద్ద ఇద్దరికి యాడ సరిపోతాది. తినకుండా కూసుంటే నువ్వు ఊరుకోవు. అందుకే చెయ్యి ఆడిస్తా" అనింది. వాకిలి కాడ శైలజ నిలబడి ఉంది, అంతా వినింది. అక్కా, నాతో కూసున్నప్పుడు కూడానా అని అడిగె. నీతోనే ఎక్కువ, నువ్వు ఆకలికి తట్టుకోలేవు గదా అనింది హనుమక్క. శైలజ గోడకానుకోని అట్లే కింద కూసునేసె.

సుంకమ్మ పళ్లెంలోంచి చెయ్యి తీసేసింది. పళ్లెం నిలబెట్టింది ఈ ఇల్లు అని ఊరంతా తిరిగి చెప్పింది గదా. పళ్లెం కాదు. ఈ పిల్ల కడుపు. మగబిడ్డల మధ్య గోడ లేయకుండా ఆపింది ఈ పిల్ల మాడ్చుకున్న కడుపు. అత్త అరుగు మీద పస్తు కూసునిందని ఏడ్చిన మనిషి తన ఇంట్లోనే, తన ముందరే, తన చేత్తోనే ఒకదాన్ని పస్తు పెట్టింది. చిన్న గొంతుతో అడిగిందంట, ఇంగ వేరు పొయ్యి పెట్టుకుంటావా తల్లీ, నేను అడ్డం రాను అని. హనుమక్క తల అడ్డంగా ఊపె. "నాకు వేరు పొయ్యి వద్దత్తా. వేరు పళ్లెం చాలు" అనింది.

సుంకమ్మ లేచింది. పళ్లెం ఖాళీ కాకుండానే లేచింది. కుండలోంచి ఇంగో ముద్ద తీసి కోడలి ముందర పెట్టి, నేనుంటే నీ చెయ్యి సాగదు, నేను పోతా, నువ్వు తిను అని బయటికొచ్చింది. పంచాయితీ ఆఫీసు కాడ అందరూ కాచుకోని ఉండారు. జాబు రాసేసినారు, మూడు పేజీలు. రా సుంకమ్మక్కా, ఇదిగో సిరా అన్నాడు వన్నూరప్ప. ఆయమ్మ ఎడమ బొటనవేలు సిరాలో అద్దింది. అద్ది, ఆ జాబు చించెయ్, కొత్తది రాయి అనింది. ఏం రాయాల అంటే, విమల చెప్పింది నిజమే అని రాయి, అంతే, కింద నేను వేస్తా అనింది. అని, ఉన్న తెల్లకాగితం మీదనే వేలు ఒత్తి, తల కిందికేసుకోని పాయె. ఎవురికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదంటే, మొగోళ్లకు కాలేదు. ఆడోళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు, ఒక్కొక్కరే లేచి ఇంటికి పోయినారు.

ఆ జాబు పోయిందో లేదో నాకు తెలీదు, తెలీనిది చెప్పను. ఆ వారం స్టీలు సామాన్ల ఆయన ఎప్పటిమాదిరే మోటరుసైకిలు మీద మా ఊరికి వచ్చినాడు. పొద్దున పదిలోపల పళ్లేలన్నీ అయిపోయినాయి, మధ్యాహ్నం మళ్లా పోయి తెచ్చుకున్నాడు, అవీ అయిపోయినాయి. ఏమవ్వా, ఊర్లో పెండ్లేమన్నా ఉందా అని బసమ్మవ్వను అడిగినాడంట. ఆయమ్మ ఏం చెప్తాది, ఇంకా కామాక్షమ్మ మైలలోనే ఉండాది, పెండ్లి కాదు నాయనా, మా వాళ్లింట్లో చావైంది అనిందంట.